రేగ్‌మాల్

నాంపల్లిలో మా పక్కింటాయన అబిడ్స్ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మేం బెజవాడ నుంచి వచ్చిన కొత్తలో మా పాత వీధి తలుపుకు ఆకుపచ్చ రంగు వేసిందీ ఆయనే. రెండు రోజులు గరుకు కాగితంతో ఒట్టి గీకుడే. నాన్న దాన్ని ఉప్పుకాగితం అంటే ఆయన నవ్వేవాడు.

"గిది రేగ్‌మాల్ సార్. పాతది గీకకుంటె కొత్తది నిల్వదు."

ఎన్నిసార్లు చెప్పినా నాన్నది ఉప్పుకాగితమే.

ఉద్యమం రోజుల్లో ఒక పొద్దున ఆ తలుపు మీద తెల్లటి అక్షరాలు కనిపించాయి: 'ఆంధ్రోళ్లు వాపస్ పోండి.' ఎవరూ పిలవకుండానే ఆయన డబ్బా, కుంచె పట్టుకొచ్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్" అంటూ, ఏమీ గీకకుండా, పైపైన ఆకుపచ్చ పులిమేసి పోయాడు. అమ్మ ఇచ్చిన చాయ్ అలాగే చల్లారింది. నాన్న మాత్రం "దేవుడిలాంటి మనిషి" అన్నాడు.

వానలు పడగానే ఆ పూత పెచ్చులుగా ఊడి అక్షరాలు మళ్లీ తేలాయి. ఈసారి తీరిగ్గా చూశాం. 'వా' దీర్ఘం చివర చిన్న కొక్కెం. అబిడ్స్‌లో ఆయన రాసిన ప్రతి బోర్డు మీదా ఉండే కొక్కెం.

గోడ అవతలి నుంచి ఆయన అడిగాడు. "ఇంకో కోటింగ్ కొట్టాల్నా సార్?"

"రేగ్‌మాల్ ఉందా?" అన్నాడు నాన్న.

నాన్న నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.