వాసాలు పీకిన గుడిసె

నా భర్తను దొర మనుషులు కొట్టి చంపిన ఏడాదే కొత్తగూడ అడవిలో పెద్ద గాలివాన వచ్చింది. మాది జనగామ పక్క ఊరు. గుట్టల మీద కోయగూడేల కప్పులు లేచిపోయాయని, దొరల మీద కొట్లాడే మా సంఘానికి కబురొచ్చింది. మావాళ్లు అడవిలో తలదాచుకున్నప్పుడు అంబలి పోసింది ఆ గూడేలే. సాయానికి ఎవరొస్తారని అడిగితే నేను లేచి నిలబడ్డాను. జాలితో లేవలేదు. ఇంట్లో ఉన్నా అడవిలో ఉన్నా ఒకటే అనిపించింది, లేచాను. ఇది నేను చెబుతుంటే మా తమ్ముడి మనవరాలు రాస్తోంది. నాకు వేలిముద్ర తప్పి సంతకం వచ్చిందే ఈమధ్య.

మానుకోట దాటి నడిచి పోయాము. మగవాళ్లు కొందరు, ఆడవాళ్లం ఇద్దరం: నేను, మా వాడకట్టు అక్క. ఇప్పచెట్లు వేర్లతో సహా లేచి పడి ఉన్నాయి. ఇళ్ల మీది గడ్డి చెట్ల కొమ్మలకు వేలాడుతోంది. దాన్ని దులిపి, మోపులు కట్టి మోశాను. తిను అంటే తిన్నాను, లే అంటే లేచాను.

మేము చేరిన గూడెం వాళ్లు వెదురు కోసం గుట్టెక్కినప్పుడు మావాళ్లు గూడెం పెద్దమనిషి ఇల్లు మొదలుపెట్టారు. వాసాలు చాలలేదు. గూడెం చివర చిన్న గుడిసె ఒకటి ఒరిగి ఉంది. వంగి దూరేంత వాకిలి, లోపల ఏమీ లేదు. మేకల కొట్టమనుకుని దాని వాసాలు పీకి పెద్దింటికి వేశారు.

పెద్దమనిషి భార్య వెదురు మోపుతో దిగి వచ్చింది. ముసలామె. వెనక ఆమె కోడలు, నిండు చూలాలు, నడుం పట్టుకుని నడుస్తోంది. ముసలామె మోపు కింద పడేసింది.

“గా గుడిసె ఏది?”

“మేకల కొట్టమే గద అవ్వా,” అన్నాడు మావాళ్లలో పెద్దవాడు. “ముందుగాల నీ ఇల్లు నిలవెట్టినం.”

“మేకలా? నా కోడలు మేకనా?”

అది కాన్పు గుడిసె. ఆ గూడెంలో ఇంట్లో కనరు. ఇంట్లో ఇలవేల్పు ఉంటుంది, మైల తగలకూడదు. కోడలికి పొద్దుననే నొప్పులు మొదలయ్యాయి. పడమర మబ్బు నల్లగా కమ్ముకుంది.

“జర ఇంట్లకే తోల్కపోరాదు అవ్వా, కప్పు మంచిగున్నది,” అన్నాడు అతనే.

“నువ్వు కనేటప్పుడు నువ్వు పో.”

అక్క పకపకా నవ్వింది. ముసలామె ఆమె వైపు తిరిగింది. “నవ్వుడేందే? నా ఇల్లు ఇప్పుండ్రి. వాసాలు పట్టు.”

పొద్దుటినుంచి కట్టింది విప్పాము. చినుకులు మొదలయ్యాయి. కోడలు ఇప్పచెట్టు మొద్దును పట్టుకుని నిలబడి ఉంది, ఇంటి వైపు చూడను కూడా చూడలేదు. మావాళ్లు చిన్న గుడిసెను మళ్లీ నిలబెట్టి గడ్డి కప్పేసరికి అందరం తడిసిపోయాము. లోపల బూడిద చల్లి చాప పరిచాము.

లోపలికి ఎవరు పోవాలి? ఎప్పుడూ ఆ పని చేసే ఆమె గాలివానలో కాలు విరిగి పడుకుంది. బాలింతను ముట్టిన మనిషి బిడ్డ బొడ్డు ఊడేదాకా ఇల్లూ పొయ్యీ విత్తనాలూ ముట్టకూడదు. విత్తనాల పండుగ ముందుంది. గూడెం ఆడవాళ్లందరికీ చేతినిండా పనే. ముసలామె నన్ను చూసింది.

“ఇంటికాడ నీకెవలున్నరు?”

“నా ఇంట్ల ఎవ్వల్లేరు.”

“అయితె నువ్వు రా.”

“అవ్వా, ఆమె ముండమోసింది,” అంది అక్క. “మొగడు మొన్ననే పాయె. కాన్పుకాడికి పనికిరాదు.” కోపంతో అనలేదు. మా ఊళ్లో అలాగే అంటారు.

“మా గూడెంల గా పట్టింపు లేదు. చేతులు కడుక్కోని పో.”

కడుక్కుని పోయాను. ముసలామె తడిక బయట కూర్చుని కోడలికి కోయమాటల్లో, నాకు తెలుగులో చెప్పింది. “నడుం కింద చెయ్యి పెట్టు. గుంజకు. గుంజకు అంటున్న.” కోడలు నా మణికట్టు పట్టుకుంది. గాజులు తీసేసిన చోటే గోళ్లు దిగాయి. నెత్తురు రావడం చూశాను. నొప్పి మాత్రం తెలియలేదు.

ఆడపిల్ల పుట్టింది. కదల్లేదు.

“ఏడ్చిందా?” అంది ముసలామె.

“లేదవ్వా.”

“నోట్ల వేలు పెట్టి తుడువు. బోర్లేసి వీపు రుద్దు. ఏడ్చిందా?”

“లేదు.”

నోరు తుడిచి బోర్లేశాను. రుద్దాను. “ఏడువే,” అన్నాను. భర్తను కాలబెట్టిన రోజు ఊరంతా నన్ను అదే మాట అంది. నేను ఏడవలేదు. “ఏడువే తల్లీ, ఏడువు.”

పిల్లి కూసినట్టు ఏదో వచ్చింది. తర్వాత గట్టిగా ఏడ్చింది. తడిక బయట ముసలామె ఏదో అరిచింది, కోయలో. కోడలు చేతులు చాపింది, పిల్లను ఇచ్చాను. సంతోషం కలిగిందా అని మనవరాలు అడుగుతోంది. లేదు. వానలో చేతులు కడుక్కుంటే మణికట్టు మాత్రం మండింది.

తెల్లవారి మావాళ్లు పెద్దింటి కప్పు వేసి పక్క గూడేనికి బయలుదేరారు. అక్క దూరాన నిలబడి పిలిచింది.

“రావానే?”

“బొడ్డు ఊడేదాక రావద్దంట.”

“తల్లిగారింటికాడ మీ అవ్వకేం జెప్పాలె?”

“ఉన్న అని చెప్పు.”

ఆమె పోయింది. బాలింతకు నీళ్లు కాచాలని కాన్పు గుడిసె ముందు వేరే మూడు రాళ్లు పెట్టాను. కట్టెలు తడిసి ఉన్నాయి, అంటుకోలేదు. ఊదుతూ కూర్చున్నాను.