ఏడో ఇల్లు

పై వాటాలో ఎవరో ఎండు మెత్తళ్ళు వేయిస్తున్నారు. ఆ వాసన మెట్లు దిగి వచ్చిందంటే చాలు, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని కళింగపట్నం ఇసుకలో నడిచివచ్చే మా కామేశ్వరి పంతులమ్మగారు గుర్తొస్తారు. రామతీర్థం వైపు పురోహితుల ఇంటి మనిషి. చేపల వాసన ఆవిడకు బొత్తిగా పడేది కాదు. అయినా సాయంత్రమైతే చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ దగ్గరికే వచ్చి కూర్చునేవారు. అదంతా నా కోసం.

అరవయ్యో దశకం చివర, నేను మూడో తరగతి. మా నాన్న కొట్టేవాడు. నన్నూ, అడ్డం వస్తే అమ్మనూ. తాగి కొట్టేవాడని చెబితే వినేవాళ్ళకు సుళువుగా ఉంటుంది గానీ, తాగని రోజునా కొట్టేవాడు. నా వీపు మీద తాడు వాతలు చూసిన రోజున పంతులమ్మగారు తిన్నగా మా ఇంటికొచ్చి, వాకిట్లో నలుగురి ముందూ ఆయన్ని చెడామడా తిట్టారు. ఆవిడ సందు మలుపు తిరిగేదాకా నాన్న తల వంచుకునే ఉన్నాడు. ఆ తరువాత తలుపు వేశాడు. ఆ పూటే మా అమ్మ చెయ్యి విరిగింది.

మర్నాడు ఆ సంగతి చెబితే పంతులమ్మగారు బోర్డు తుడవడం ఆపేశారు. "తప్పు నాదేనే. ఒక్కదాన్నే వెళ్ళాను," అన్నారు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడడం. అయినా ఆవిడ మీద నాకు చాలా రోజులు కోపం పోలేదు.

వాళ్ళ పుట్టింట్లో వారాలబ్బాయిలు తినేవారట. చదువుకునే బీద కుర్రాడికి రోజుకో ఇంట్లో భోజనం. ఆ పద్ధతిని తెచ్చి మా జాలరిపేటలో పెట్టారు.

"వారాలు బాపనోల కుర్రోలకి గదా పంతులమ్మా, మా గుంటకేటి?" అంది చేపలు తిరగేస్తున్న అప్పలమ్మత్త నన్ను చూపించి.

"కూడు ఒక్కటే కాదు అప్పలమ్మా. రోజూ ఎవరో ఒకరు పిల్లని చూస్తారు. చేతులు కడిగించేటప్పుడు చూడండి, ఎలా కూచుంటోందో చూడండి. దెబ్బ కనిపిస్తే నాలాగ ఒక్కరే వెళ్ళకండి. అందరూ కలిసి వెళ్ళండి."

"ఎల్లి ఏటి సెప్పాల?"

"ఏమీ చెప్పొద్దు. కూచోండి."

ఆరిళ్ళు కుదిరాయి. మంగళవారం తీసుకున్న కాంపౌండరుగారి భార్య అమ్మ చేతికి కట్టు కూడా కట్టించింది. శనివారం తీసుకున్న కులపెద్ద, కళ్ళ ముందు ఉంటాడని నాన్నను తన పడవలోకి మార్చుకున్నాడు. ఏడోది, ఆదివారం, మా ఇల్లే కావాలని పంతులమ్మగారు పట్టుబట్టారు. "వాడి చేత కూడా ఒక పూట పెట్టించాలి. లేకపోతే పిల్లకి సొంత ఇల్లు లేకుండా పోతుంది," అన్నారు. నాకు మాత్రం ఆదివారం వస్తోందంటే భయం.

కొత్తలో రెండుసార్లు నా ఒంటి మీద దెబ్బలు కనిపించాయి. రెండుసార్లూ ఆడవాళ్ళందరూ గంపలతో సహా వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"ఏటిలాగొచ్చినారు?" అన్నాడు నాన్న.

"ఊరికినే వచ్చినాం. నీ పని నువ్వు సూసుకో," అంది అప్పలమ్మత్త.

పొద్దుగూకేదాకా లేవలేదు. నాన్న ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాడు, ఎక్కడా నిలవలేకపోయాడు. మూడోసారి వాళ్ళు రావలసిన పని పడలేదు. ఆయన మంచివాడైపోయాడని రాయను. చెయ్యి ఆగింది, అంతే.

కొన్ని నెలలు గడిచాక ఒక ఆదివారం నాన్నే వడ్డించాడు. చేపముక్కతో ఆయన చెయ్యి నా వైపు రాగానే తల పక్కకు తిప్పి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన ఆ ముక్కను మళ్ళీ గిన్నెలో వేసేశాడు. గిన్నె నేల మీద నా వైపు జరిపి, "నువ్వే యేసుకో," అన్నాడు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ నాకు గిన్నె జరపడమే గానీ వడ్డించలేదు.

సోమవారం పంతులమ్మగారికి చెప్పాను. "నాన్న కొట్టనేదండి. నానే తల తప్పించీసినాను."

"తప్పిస్తే తప్పించావులే. తిన్నావా?"

"తిన్నానండి."

"అయితే సరే," అని ఎక్కాలు అప్పజెప్పమన్నారు.

ఇప్పుడు ఆవిడా లేరు, నాన్నా లేడు. నాకు అరవై దాటాయి. కోడలు వడ్డించడానికి చెయ్యి చాపినా నా తల ఇంకా పక్కకు పోతుంది. ఆ పిల్ల చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. నేను తల నిలబెట్టుకుని, కంచం దగ్గరికి లాక్కుని తింటాను.