‘రాడు’ దగ్గర ఇరుక్కున్న ముల్లు

నా చిన్నప్పుడు మా వీధి పిల్లలకు పాట వినడానికి వారంలో ఒకే ఒక పూట ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం మైకు మామ నమాజు ముగించుకుని ఇంటికొచ్చి, అన్నం తిని, అంగడి తలుపు ఒక రెక్క మాత్రం తెరిచేవాడు. ఒక్క రెక్కే తెరిచాడంటే అది బేరానికి కాదు, మాకోసమని అర్థం. మేం ఆరేడుమంది పిల్లలం, మాతోపాటు వీధి చివర ఉండే ఒక ముసలవ్వ, చెప్పులు బయట విడిచి లోపలికి దూరేవాళ్లం.

మాది మైదుకూరు. కర్నూలు రోడ్డుకు వెనకాల, బస్సు హారన్లు వినపడేంత దగ్గరలో మా సందు ఉండేది. మైకు మామ మాకు చుట్టం కాదు, పక్కింటాయన. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం వాళ్లది. ఆయన తాత, నాన్న దూది ఏకి, పరుపులు కుట్టి బతికారు. ఈయన మాత్రం ఆ పని తమ్ముళ్లకు వదిలేసి మైకుసెట్టు కొన్నాడు. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లయినా, ఉరుసయినా, తిరునాళ్లయినా గొట్టం మైకుల్లో మోగేవి ఆయన ప్లేట్లే. గ్రామఫోను రికార్డును మేం ప్లేటు అనేవాళ్లం. ఆయన భార్యను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె నవ్వగా చూసింది తక్కువ. కానీ ప్రతి శుక్రవారం మాకు చేటనిండా వేయించిన శనక్కాయలు తెచ్చి పెట్టేది.

మామ పాటలు ఏరి వేసేవాడు కాదు. పెద్ద ప్లేటు ఎక్కించాడంటే ఒక పక్క మొదలునుంచి చివరిదాకా తిరగాల్సిందే. ఒక వారం నాదస్వరం, ఒక వారం ఖవ్వాలీ, ఇంకో వారం నాటకాల పద్యాలు. ఆ సేపంతా ఎవరూ కదలకూడదు. దగ్గొస్తే మింగాలి. ఆయన స్పీకరు పెట్టె మీద అరచెయ్యి పరిచి, కళ్లు మూసుకుని, తల ఊపుతూ కూర్చునేవాడు. ప్లేటు అయిపోయాక అసలు సంగతి మొదలయ్యేది. ఒక్కొక్కరం లేచి ఆయనకు ఎదురుగా, మూరెడు దూరంలో నిలబడి, ఆ ప్లేటు వింటుంటే మాకేమనిపించిందో చెప్పాలి. గొణగకూడదు, తల వంచకూడదు.

“చెవులు తెరిచి ఇన్నావు గదా పాపా, నోరు గూడా తెరిచి చెప్పు,” అనేవాడు.

‘బాగుంది’ అనే మాట ఆ అంగట్లో చెల్లదు. ఎవరైనా అలా అని తప్పించుకోబోతే, “బాగుండాదని అందరూ చెప్తారు. అది ఇని నేనేం జేసుకోవాల? నీకేమాయనో అది చెప్పు,” అని మళ్లీ నిలబెట్టేవాడు. మా తమ్ముడు నాదస్వరం విన్న ప్రతిసారీ ఆకలేస్తుందనేవాడు, వాడికి పెళ్లిభోజనమే గుర్తొచ్చేది. దానికి మామ నవ్వేవాడు గాని తప్పనేవాడు కాదు. ముసలవ్వ ఒకసారి ఒక పద్యం విని, చనిపోయిన కొడుకు చెప్పులు ఇంకా పెట్టెలో దాచానని చెప్పి, మళ్లీ కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంది. నేను ఒక షెహనాయి ప్లేటు విని, ఊరికి పోయేవాళ్లు బస్సు కదిలాక కూడా చెయ్యి ఊపుతూనే ఉన్నట్టుంది అన్నాను. మామ ఆ మాటకు పెన్సిలు తీసి ప్లేటు అట్ట మీద రాసుకున్నాడు. పెళ్లికూతురు బండెక్కేటప్పుడు ఆ ప్లేటు వెయ్యాలట. ఆయన అట్టలనిండా ఇలా మా మాటలే ఉండేవి. ఏ పాట దగ్గర ఎవరికి ఏడుపొచ్చిందో, ఎక్కడ గీత పడి ప్లేటు మీది ముల్లు దుంకుతుందో, అన్నీ.

“నీకుండాయి పాపా చెవులు,” అన్నాడు ఆ రోజు. అప్పటికి నాకు పదకొండేళ్లు. ఆ మాటతో నాకు కొమ్ములు మొలిచాయి.

నాకు ఇంకో విద్య కూడా ఉండేది. ఎవరినైనా ఒకసారి చూస్తే చాలు, అచ్చం వాళ్లలాగే నడిచి, మాట్లాడి చూపించేదాన్ని. మా పంతులమ్మ తుమ్ము నేను తుమ్మితే, ఆమె సొంత కూతురే వెనక్కి తిరిగి చూసేది. దానికి తోడు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఇంట్లో ఏం వండారో మా అమ్మ కంటే ముందు నేనే వీధికి చెప్పేదాన్ని. ఇవన్నీ ముద్దుగానే ఉండేవి అందరికీ. నాకు మరీ ముద్దుగా ఉండేవి.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. శనక్కాయ చేలు నిలువునా ఎండిపోయాయి. పంట లేకపోతే పెళ్లిళ్లు వెనక్కి పోతాయి. పెళ్లిళ్లు లేకపోతే మైకుసెట్టు దుమ్ము పట్టి కూర్చుంటుంది. అది చాలదన్నట్టు బస్టాండు దగ్గర ఇంకెవరో కొత్త సెట్టుతో అంగడి పెట్టారు. ఆ కరువులో మామకు దొరికింది ఒకే ఒక పెద్ద పెళ్లి, దగ్గరి పల్లెలో ఒక మోతుబరి రైతు ఇంట్లో. వాళ్ల మనుషులు వచ్చి తాంబూలం ఇచ్చిపోయిన రోజు అత్త నవ్వింది. ఆ పెళ్లి బాగా జరిగితే నాలుగు ఊళ్లకు పేరు పోతుందని, సెట్టు అమ్ముకునే గతి తప్పుతుందని మా అమ్మతో చెబుతుంటే విన్నాను.

ఆ వారమే పద్యాల ప్లేటు పెట్టాడు మామ. కొడుకు కోసం ఎదురుచూసే తల్లి పద్యం ఉంటుంది అందులో. పాడే ఆమె ‘రాడు’ అనే మాట దగ్గర నిలబడి పెద్ద రాగం తీస్తుంది. ఆ చోటికి వచ్చేసరికి మామ తల ఎప్పుడూ ఒక పక్కకు వాలిపోయేది. ఆ రోజు ముల్లు సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. రాడు, రాడు, రాడు, రాడు.

మామ లేచి ముల్లు జరుపుతాడనుకున్నాం. ఆయన లేవలేదు. అరచెయ్యి పెట్టె మీదే ఉంది. కళ్లు మూసుకుని, అక్కడ లేని రాగానికి తల ఊపుతూ, మెల్లగా ఒక పక్కకు వాల్చాడు. ముందు మా తమ్ముడు కిసుక్కుమన్నాడు, తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వు కూడా ఆయనకు చేరలేదు. అప్పుడు నాకు తెలిసింది. ఎదురుగా ఎందుకు నిలబడాలో, నోరెందుకు తెరవాలో, పెళ్లి బేరాలన్నీ అత్తే ఎందుకు మాట్లాడుతుందో, అన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి. ఏళ్ల తరబడి గొట్టం మైకుల కింద నిలబడిన మనిషికి చెవులు పోయాయి. డోలు, తబలా అయితే పెట్టె అదిరి చేతికి తెలిసేవి. ఒంటి గొంతు తెలిసేది కాదు. పాటలో ఏముందో ఆయన మా నోళ్లలోంచి ఏరుకునేవాడు.

లోపలినుంచి అత్త పరుగున వచ్చి ముల్లు ఎత్తింది. మామ కళ్లు తెరిచి ముందు ఆమె చేతిని చూశాడు, తర్వాత మా ముఖాలు చూశాడు. పిల్లలు నవ్వు దాచుకోవడానికి నేల చూస్తున్నారు. ఆయన ఎప్పటిలాగే నన్ను మొదట పిలిచాడు.

“ఏమనిపిచ్చె పాపా?”

“బాగుండాది మామా,” అన్నాను.

ఆయన నన్ను మళ్లీ నిలబెట్టలేదు. “సరే, కూసో,” అన్నాడు. ఆ అంగట్లో ఎన్నడూ చెల్లని మాటను ఆ రోజు చెల్లనిచ్చాడు. ఎవరికీ చెప్పొద్దని ఒక పెద్దమనిషి పదకొండేళ్ల పిల్లను అంతకంటే గట్టిగా అడగలేడు. నాకది అర్థమైంది. అర్థం కాలేదని ఈ వయసులో కూడా అబద్ధమాడలేను.

మరుసటి పొద్దున బోరింగు దగ్గర బిందెల వరుస చాలా పొడవుగా ఉంది. పిడి పదిసార్లు కొడితే చెంబెడు నీళ్లు పడుతున్నాయి. ఆడవాళ్లందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. ఎవరో, “ఏమ్మే, ఏదన్నా ఒకటి చేసి చూపీ, పొద్దుపోతాది,” అన్నారు. నేను బోరింగు మీద అరచెయ్యి పరిచి, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, రాడు, రాడు, రాడు అన్నాను. ముల్లు ఇరుక్కున్నా మామకు వినపడలేదని కూడా చెప్పాను. కడుపుబ్బ నవ్వారు. మళ్లీ చెయ్యమన్నారు, చేశాను. మూడోసారి ఎవరూ అడక్కుండానే చేశాను.

వారం తిరక్కుండా ఊళ్లో మామ పేరు ‘రాడు సెట్టు’ అయిపోయింది. అది ఎంత దూరం పోయిందో మాకు బుధవారం నాడు తెలిసింది. మోతుబరి ఇంటినుంచి ఒక మనిషి వచ్చి, మామతో కాకుండా గడపలో నిలబడ్డ అత్తతో మాట్లాడాడు. మా పంచలోకి ప్రతి మాటా వినపడింది.

“ఏమనుకోవద్దు తల్లీ. తాళి కట్టే యాళకు ఆ ప్లేటు రాడు రాడు అని మొత్తుకుంటే ఎంత అపశకునం? మా పెద్దాయన ఒప్పుకోలేదు.”

“ఆ ప్లేటు పెండ్లికి యాడన్నా వేస్తామాప్పా?” అంది అత్త.

“యా ప్లేటు తిరుగుతాండాదో ఆయప్పకు ఇనపడాల గదా,” అని అతను తల దించుకున్నాడు. పెళ్లి బస్టాండు సెట్టుకు పోయింది. దాని వెనకే, అంతకుముందు మాటిచ్చిన చిన్నాచితకా వాళ్లు కూడా పోయారు.

ఆ శుక్రవారం కూడా తలుపు ఒక రెక్క తెరుచుకుంది. పిల్లలెవరూ పోలేదు. కొందరిని ఇళ్లలో పోనివ్వలేదు, మిగిలినవాళ్లకు అక్కడ నవ్వొస్తుందని భయం. ముసలవ్వకు జ్వరం. నేను పోయాను, నేనే చెప్పానని ఒప్పుకుందామని. చెవులు వినపడని మనిషి దగ్గర తప్పు ఒప్పుకోవాలంటే అరిచి చెప్పాలి, అరిస్తే వీధంతా వింటుంది. ఈ సంగతి ఆయన ఎదురుగా నిలబడ్డాక గాని నాకు తోచలేదు. తల వంచుకుని, పెదవులు కదిలీ కదలకుండా, “నేనే చెప్పినా మామా, బోరింగు కాడ,” అన్నాను.

నా వెనకే శనక్కాయల చేటతో వచ్చిన అత్తకు అది వినపడింది. మామ నా నోరు చూడబోయి, కనపడక, ఆమె వైపు తిరిగాడు.

“ఏమంటాండాది పాప?”

అత్త నన్ను చూసింది. తర్వాత ఆమె చేట కింద పెట్టి, ఆయనకు ఎదురుగా వెళ్లి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “నాదస్వరం ప్లేటు ఇనేకి వచ్చినా అంటాండాది. ఎవరొచ్చినా రాకున్నా తాను వస్తాదంట.”

మామ ముఖం వెలిగిపోయింది. “నేను జెప్పలేదా, ఈ పాపకు చెవులుండాయని!” అంటూ ప్లేటు ఎక్కించాడు. ఒక పక్క మొత్తం నాకొక్కదానికే. కదలకుండా కూర్చున్నాను గాని, ఏం విన్నానో ఒక్క ముక్క తెలియదు. అయిపోయాక ఆయన అడిగాడు. నేను ఏదో కల్పించి, గట్టిగా, వీధి దాకా వినపడేలా చెప్పాను. అబద్ధానికి మాత్రం గొంతు బాగానే పెగిలింది. ఆయన దాన్ని కూడా అట్ట మీద రాసుకున్నాడు.

బయటికొస్తుంటే అత్త గడప దాకా వచ్చింది. నన్ను కాపాడిందనుకుని నాకు ఏడుపు తన్నుకొస్తోంది. ఆమె గొంతు తగ్గించాల్సిన పని లేదు, అయినా తగ్గించింది.

“నీకోసరం జెప్పలేదు మ్మే. ఆయప్పకు ఈ ఊర్లో మిగిలిండేది నువ్వొక్కదానివే. అది గూడా ల్యాకుండా చెయ్యమంటావా? ఇంకెప్పుడూ ఆయప్ప కాడ ఆ మాట ఎత్తొద్దు. నీ మనసు తేలికయ్యేకి ఆయప్ప మీద బరువు పెట్టొద్దు.”

ఇంకో నాలుగు శుక్రవారాలు పోయాను. ప్రతిసారీ ఆయన సంబరం చూడాల్సి వచ్చింది. దెబ్బలైతే ఒక పూటలో మరిచిపోయేదాన్ని. ఐదో వారానికి సెట్టు అమ్మేశారు. ప్లేట్లు కూడా దాంతోనే పోయాయి, మా మాటలు రాసిన అట్టలతో సహా. యాభై దాటిన వయసులో మామ కడపకు, తమ్ముళ్ల దగ్గర దూది ఏకే పనికి వెళ్లిపోయాడు. బస్సెక్కే ముందు నా తలమీద చెయ్యి పెట్టి, మంచి ప్లేటు ఎక్కడ మోగినా నిలబడి పూర్తిగా విను అన్నాడు. రెండేళ్లు తిరక్కముందే, దూది దుమ్ముకు రొమ్ము పాడై చనిపోయాడని మా నాన్నకు ఎవరో చెప్పారు. నేను ఎందుకంత ఏడ్చానో మా అమ్మకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు. అత్త ఏమైందో నాకు తెలియదు.

ఆయన నన్ను నమ్మి నేర్పినదాన్నే తీసుకుపోయి, నాలుగు నవ్వుల కోసం ఆయన పొట్ట కొట్టాను. పిల్లతనం అని ఎవరైనా అంటే నాకు కోపమొస్తుంది. ఆ తర్వాత నేను ఎవరినీ అనుకరించి చూపలేదు. నాకా విద్య వచ్చని నా భర్తకు కూడా తెలియదు. ఎవరి లోపమైనా నా కంటపడితే, అది చెప్పాలని ఇప్పటికీ నాలుక దురద పెడుతుంది. అత్త కింద పెట్టిన చేట గుర్తొచ్చి ఆగిపోతాను. ఆమెకు అన్నీ వినపడేవి. వినపడిందంతా చెప్పక్కర్లేదని ఆమె దగ్గరే చూశాను.

నా మనవరాలు ఈమధ్య ఫోనులో పాత ఆల్బములు పెట్టుకుని, ఒక్కొక్కటి మొదలునుంచి చివరిదాకా విని, తనకేమనిపించిందో చెబుతూ వీడియోలు చేస్తోంది. బాగా చెబుతుంది, నన్ను కూడా కూర్చోబెట్టి అడుగుతుంది. మొన్న, తనకు బాగా నచ్చిన ఒక ఆల్బము పాడిన పెద్దాయన ఈ వయసులో ఏదో సభలో పాడుతూ చరణం మరిచిపోయి, నోరు తెరుచుకుని వెతుక్కుంటున్న ముక్క ఒకటి చూపించింది. జనం నవ్వుతున్నారు. ఇదీ నవ్వుతోంది. ఇది ఎవరికీ పంపొద్దు తల్లీ అన్నాను. “నిన్ననే పెట్టేసినా అవ్వా, శానామంది చూసినారు,” అంది.

నేను దాన్ని తిట్టలేదు. తిట్టే ముఖం నాకెక్కడిది? ఆ పెద్దాయన ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలని, అది ఆయనకు చేరకుండా అడ్డం నిలబడాలని, ఆ రోజంతా ఇంటిపని చేసుకుంటూ కోరుకున్నాను.