మూడు పొరల లామినేషన్

ప్లాస్టిక్ వల్ల ముప్పని ఈమధ్య అందరూ అంటున్నారు. నాకది అందరికంటే ముందే తెలుసు. నదులకీ సముద్రాలకీ ఎంత ముప్పో చెప్పే లెక్కలు నా దగ్గర లేవు గాని, ఒక డాక్టరుని పుట్టకముందే ఊపిరాడకుండా చేసినంత పని చేసింది. ఆ డాక్టరు నేనే. అందులో ప్లాస్టిక్ తప్పేమీ లేదు, దగ్గరుండి చుట్టబెట్టించుకున్నది నేనే. మునిగేవాణ్ణి చూసి నవ్వకూడదంటారు. ఒడ్డుకి చేరినవాడే చెబుతున్నాడు కాబట్టి మీరు మొహమాటపడనక్కర్లేదు.

ముందు నా చదువు సంగతి. రాజమండ్రిలో బీఎస్సీ చదివాను. చదివానంటే, చదవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ చేశాను. స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఏ సబ్జెక్టుకి ఏ రంగు పెన్నో తేల్చి టైంటేబుల్ తయారుచేసేవాణ్ణి. అది పూర్తయ్యేసరికి పరీక్షలు వచ్చేసేవి. పరీక్షకి తీసుకెళ్ళవలసిన వస్తువుల జాబితా మాత్రం హాల్ టికెట్ నెంబరుతో సహా ఎర్ర పెన్నుతో రాసి తలుపుకి అంటించేవాణ్ణి. ఈ పద్ధతిలో మూడేళ్ళు కష్టపడి పదకొండు టైంటేబుళ్ళు, ఒక థర్డ్ క్లాసు సంపాదించాను. రెండో ఏడు తప్పిన బోటనీ మూడో ఏడు మిగతావాటి తోక పట్టుకుని గట్టెక్కింది.

ఆ మూడేళ్ళూ నేనున్నది ఎక్కడో తెలుసా? కడియంలో, మా మావయ్య నర్సరీలో. కిటికీ తీస్తే మొక్కలు, తలుపు తీస్తే మొక్కలు, మంచం కింద కూడా నారు ట్రేలు. పంచదార బస్తా మీద పడుకుని చేదు మాత్ర మింగినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మావయ్య అంటే అమ్మకి తమ్ముడు సత్తిబాబు. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు గాని, మొక్కల లాటిన్ పేర్లు తడుముకోకుండా చెబుతాడు. మామిడి అంట్లు కట్టడంలో ఆయన చెయ్యి పడితే ఎండుపుల్ల కూడా చిగురేస్తుందని చుట్టుపక్కల పేరు. అంట్లు కట్టే చాకు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. పెళ్ళికెళ్ళినా, గుడికెళ్ళినా.

డిగ్రీ రిజల్ట్స్ వచ్చిన రోజు మావయ్య నాగపూర్ వెళ్ళే లారీకి మొక్కలు ఎక్కిస్తున్నాడు. చంకలో ఆనాటి పేపరు మడిచి ఉంది.

"ఏంట్రా అబ్బాయ్, పాసేనా?"

"పాసే మావయ్యా."

"క్లాసేంటి?"

మొక్కలు మోస్తున్న ఆరుగురు ఆగారు. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. ఇన్ని కళ్ళు ఒక్కసారి మీద పడితే హరిశ్చంద్రుడు కూడా రెండు మార్కులు కలుపుకుని చెప్పేవాడేమో. నేను క్లాసే కలుపుకున్నాను. రెండు క్లాసులు.

"ఫస్ట్ క్లాస్."

మావయ్య నా మొహం వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత అందరికీ గోళీసోడాలు తెప్పించాడు. డ్రైవరు నా చెయ్యి పట్టుకుని ఊపి లారీ ఎక్కాడు. ఆ తర్వాత ఏ లారీ వచ్చినా డ్రైవర్లు నన్ను చూసి, "ఫస్ట్ క్లాసు అబ్బాయిగారు మీరేనాండి?" అనడం మొదలైంది. అబద్ధానికి కాళ్ళుండవంటారు. నా అబద్ధానికి ఆరు టైర్లున్నాయి.

మరుసటి ఏడాది బుద్ధొచ్చింది. డాక్టరు సీటు కోసం ఎంసెట్‌కి నిజంగానే చదివాను. టైంటేబుల్ ఒక్కటే వేశాను, అదీ ఒకే రంగుతో. ర్యాంకు వచ్చింది, కానీ సీటు వచ్చీ రాని గట్టు మీద. విజయవాడలో కౌన్సెలింగ్‌కి రమ్మని కాగితం వచ్చింది. 'అన్ని ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావలెను' అని ఉంది అందులో.

"నేనూ వస్తన్నాను. ఫైలు నేను పట్టుకుంటాను" అన్నాడు మావయ్య.

అక్కడ పడింది చిక్కు. పధ్నాలుగు అంశాల జాబితా రాసుకుంటే తొమ్మిదోది డిగ్రీ మార్కుల మెమో. 'అన్ని' అన్నాక దాన్ని వదిలేయడానికి నా పద్ధతి ఒప్పుకోదు. తీసుకెళ్తే ఫైలు మావయ్య ఒళ్ళో ఉంటుంది. మెమో నాతో రావాలి, కానీ మావయ్య కంట పడకూడదు.

రాజమండ్రిలో అప్పుడే లామినేషన్ షాపులు వెలిశాయి. జనం రేషన్ కార్డు దగ్గర్నుంచి దేవుడి పటం దాకా అన్నీ ప్లాస్టిక్‌లో పెట్టించేస్తున్నారు. నేను మూడు కాగితాలు పట్టుకెళ్ళాను. పైన ఇంటర్ మెమో, కింద రాత బయటికి కనిపించేలా డిగ్రీ కాలేజీ టీసీ, రెండింటి మధ్యలో డిగ్రీ మెమో.

షాపాయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "మూడూ ఒకే కవర్లోనాండి? మధ్యది కనపడదండి మరి."

"కనపడక్కర్లేదండి."

"కనపడక్కర్లేనిదానికి లామినేషన్ దేనికండి?"

"భద్రం కోసమండి."

"ఆయ్, మీ ఇష్టమండి" అని ఆయన మిషన్‌లోకి తోశాడు. అటునుంచి వేడిగా, నిగనిగలాడుతూ బయటికొచ్చింది. ఆత్రేయపురం పూతరేకు మడతలో పంచదార ఉన్నట్టు, నా మడతలో థర్డ్ క్లాసు. ఎంత తెలివైనవాణ్ణో అనుకుంటూ ఇంటికొచ్చాను. జాబితాలో తొమ్మిదో అంశం పక్కన టిక్కు కూడా పెట్టాను.

పొద్దున్నే పాసింజరెక్కాం. మావయ్య ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి తువ్వాలుతో తుడుస్తున్నాడు.

"ఇదేంట్రా, ఇంత మందంగా ఉంది?"

"నాణ్యమైంది మావయ్యా."

"డిగ్రీ మెమో ఏది?"

"ఉంది. లోపలుంది."

"లోపలంటే?"

"బాగా లోపల."

మావయ్య కిటికీ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. రైలు కుదుపు అనుకున్నాను.

కౌన్సెలింగ్ హాల్లో పెద్ద బోర్డు మీద మిగిలిన సీట్లు రాస్తున్నారు. నన్ను పిలిచేసరికి మా విభాగంలో తొమ్మిదున్నాయి. నా నోట్లో తడి కూడా సుమారు తొమ్మిది చుక్కలే ఉంది. సర్టిఫికెట్లు చూసే మేడమ్ గారు కళ్ళజోడు సర్దుకుని, "టీసీ ఇవ్వండి" అన్నారు.

ఇచ్చాను. ఆవిడ చూసి, ముద్ర చేత్తో పట్టుకుని, కాగితం తిప్పారు.

"ఇదేంటి, వెనక ఇంటర్ మెమో ఉంది?"

"ఇంటర్ మెమో వెనకే టీసీ అండి."

"టీసీ మేము ఉంచుకోవాలి బాబూ. దాని వెనక ముద్ర వెయ్యాలి. దీనికి వెనకెక్కడుంది?"

"వెనక... లోపలుందండి."

ఆవిడ దాన్ని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకున్నారు. "మధ్యలో ఇంకోటేదో ఉందే?"

"డిగ్రీ మెమో అండి."

"అది ఎవరడిగారు? మేం చూసేది ఇంటర్ మార్కులూ, ర్యాంకూ. డిగ్రీలో మీకెన్నొస్తే మాకెందుకు?"

పాఠకులారా, ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి. నేను ఈ నాటికీ చదువుకుంటూనే ఉన్నాను.

"ఇది విడదీసి తీసుకురండి. అప్పటిదాకా మీ తర్వాతవాళ్ళని పిలుస్తాం. సీట్లుంటే మీ అదృష్టం" అని దాన్ని నా చేతిలో పెట్టారు.

బయట మెట్ల మీద మావయ్యకి విషయం చెప్పాను. ప్లాస్టిక్ ఊడదీయడానికి మార్గాలు కూడా వేళ్ళు మడిచి చెప్పాను. ఒకటి ఇస్త్రీపెట్టె, రెండు వేడినీళ్ళు, మూడు...

"లిస్టు తర్వాత రాద్దువుగాని, అదిలా ఇయ్యి" అన్నాడు మావయ్య. జేబులోంచి చాకు బయటికొచ్చింది.

నేను ఇవ్వలేదు. కోస్తే మధ్యలోది బయటపడుతుంది. కోయకపోతే సీటు పోతుంది. లోపల మైకులో తర్వాతి పేరు పిలిచారు. తలుపులోంచి బోర్డు కనిపిస్తోంది. ఎనిమిది.

"నేను కోస్తాను మావయ్యా."

"నీ చెయ్యి చూసుకో ఓసారి."

చూసుకున్నాను. గాలికి అరిటాకు కూడా అంత ఊగదు.

"ఆ చేత్తో రేపు జనాన్ని కోస్తావా. ఇలా ఇయ్యి."

బోర్డు మీద ఏడు. కాసేపటికి ఆరు.

"మావయ్యా, మధ్యలో ఒకటుంది. అది చూసి నువ్వు..."

"ఉంటదిలేరా. కదలకుండా పట్టుకో."

మెట్టు మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ అంచుకీ కాగితం అంచుకీ మధ్య పెసరగింజ పట్టేంత జాగా కూడా లేదు. మామిడి కొమ్మ మీద బెరడు లేపేటప్పుడు ఎలా ఊపిరి బిగబడతాడో అలాగే బిగబట్టి ఒక పక్క కోశాడు. ఐదు. రెండో పక్క. నాలుగు. మూడో పక్క కోసేసరికి అట్ట పుస్తకంలా తెరుచుకుంది. టీసీకి వెనక భాగం ఎట్టకేలకు లోకాన్ని చూసింది. మధ్యలోది జారి మావయ్య ఒళ్ళో వెల్లకిలా పడింది.

అతి రహస్యం బట్టబయలంటారు. నాది తువ్వాలు మీద బయలు.

మావయ్య మెమో తీసుకుని పెదాలు కదుపుతూ పైనుంచి కిందికి చదివాడు. లోపల ఇంకో పేరు పిలిచారు.

"బోటనీ ముప్ఫయ్యారా?" అన్నాడు చివరికి. "మొక్కల మధ్యలో పెట్టి పెంచితే ముప్ఫయ్యారేంట్రా."

నేను నోరు తెరిచేలోగా నాలుగో పక్క కూడా కోసి టీసీ నా చేతిలో పెట్టాడు.

"తర్వాత ఏడుద్దువుగాని. పరిగెత్తు."

పరిగెత్తాను. వెనకే మావయ్య, చాకు మడుచుకుంటూ. బోర్డు మీద రెండున్నాయి. మేడమ్ గారు టీసీని వేలితో తడిమి చూశారు. ఒక్క గీటు లేదు. వెనక ముద్ర వేశారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవికి గుడిగంటే.

"చాలా శుభ్రంగా కోశారే. ఎవరు?"

"మా మావయ్యండి."

ఆవిడ మావయ్య వంక చూసి, "డాక్టరుగారాండి?" అన్నారు.

"ఆయ్, కాదండి. కడియమండి" అన్నాడు మావయ్య.

తిరుగు రైలు కొవ్వూరు దాటింది. గోదావరి వంతెన మీదకి రాగానే ఆ చప్పుళ్ళో కలిసిపోతుందని గబగబా చెప్పేశాను.

"ఫస్ట్ క్లాసని అబద్ధం చెప్పేను మావయ్యా."

"తెలుసురా."

"ఇందాక చూశావుగా, తెలియకేం."

"ఇందాక కాదు. రిజల్ట్స్ వచ్చిన రోజే. పేపర్లో క్లాసుల వారీగా నెంబర్లేసేరు. నీ నెంబరు తలుపు మీద నువ్వే అంటించేవు కదా, ఎర్ర పెన్నుతో."

"మరి ఆ సోడాలు?"

"అంతమంది నీ మొహమే చూస్తన్నార్రా. సోడాలు తాగించక ఏం చెయ్యమంటావు?"

"నాగపూర్ దాకా చెప్పావుగా మరి, ఫస్ట్ క్లాసని."

"నేనెక్కడ చెప్పేను? డ్రైవరు చెప్పుకుని ఉంటాడు. నేను చేసిందల్లా, మీ అమ్మొస్తే కంట పడకూడదని ఆ పేపరు చింపి అంట్ల వేళ్ళకి చుట్టేసి, అదే లారీలో ఎక్కించేసేను."

అంటే నా ఫస్ట్ క్లాసు డ్రైవరు నోట్లోనూ, నా థర్డ్ క్లాసు మామిడి వేళ్ళ చుట్టూనూ, ఒకే లారీలో, ఒకే రోజు నాగపూర్ వెళ్ళాయి. నేను దాచింది, దాన్ని అప్పటికే నాకోసం దాచిపెట్టినవాడి దగ్గరే.

ఇప్పుడు నేను హౌస్ సర్జన్ని. ఆ డిగ్రీ మెమో నర్సరీ షెడ్డులో, మందు చల్లే తేదీల పట్టిక పక్కన మేకుకి వేలాడుతోంది. తేమకి బోటనీ మార్కు దగ్గర మచ్చ పడింది. వెళ్ళినప్పుడల్లా మావయ్య దాన్ని ఊది దుమ్ము దులిపి, "పాడైపోతందిరా. లామినేషన్ చేయించమంటావా?" అని అడుగుతుంటాడు.

కాబట్టి, కడియం మామిడి అంట్ల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణముండగా ఏ కాగితానికీ, ఏ మార్కుకీ లామినేషన్ చేయించను. ఈ ప్రమాణాన్ని కాగితం మీద రాసి, మావయ్య చేత సాక్షి సంతకం పెట్టించి, ఆ షెడ్డు తలుపుకే అంటించాను. నా జీవితంలో ఒకే ఒక్క అంశమున్న జాబితా అది. మొన్న చూస్తే చెదలు సగం తినేశాయి. తిననివ్వండి.