మూడు వాటాల మందు

జంపక్కకు ఒక అలవాటుంది. ఎవరైనా "మంచిగనే ఉంది" అంటే నమ్మదు. పదిహేనేళ్లుగా ఆశా కార్యకర్త. మణుగూరు బొగ్గు లారీల రోడ్డు దిగి రెండు వాగులు దాటితే వచ్చే నాలుగు కోయ గూడేలు ఆమెవి. పైవాళ్లు ఆమెకు ఫోన్ ఇచ్చారు, అందులో నింపడానికి ఫారాలు కూడా ఇచ్చారు. సిగ్నల్ మాత్రం ఇవ్వలేదు. అందుకని గూడెంలో ఆ ఫోన్ ఒక్క పనికే పనికొస్తుంది: పిల్లల ఊపిరి లెక్కపెట్టేటప్పుడు నిమిషం చూసుకోవడానికి.

మొన్న వానల్లో ఒక బుధవారం, ఆ గూడేల్లోనే పుట్టి చదువుకున్న నేను ఆమెను బండి మీద వనజ వాళ్ల ఇంటికి తీసుకుపోయాను. వనజ చిన్న కొడుకు తిరుపతికి రెండేళ్లు. దగ్గు, జ్వరం. సోమవారం నాడు వాడి ఊపిరి నిమిషానికి యాభై రెండు. ఆ వయసులో నలభైకి చేరితే జంపక్క ఇక ఆగదు. అప్పటికప్పుడే దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరమ్మ న్యుమోనియా అని చెప్పి, బరువు తూచి, యాంటీబయాటిక్ పొడి సీసా ఇచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీది గీత దాకా పోసి కలిపింది జంపక్కే. సీసా ఊపి, పొద్దున ఒక మూత, సాయంత్రం ఒక మూత, ఐదు రోజులు. అదంతా వనజ చేత మూడుసార్లు తిరిగి చెప్పించుకుంది.

బుధవారం వాడి చొక్కా ఎత్తి లెక్కపెట్టింది. యాభై. మళ్లీ లెక్కపెట్టింది. యాభై ఒకటి. డొక్కలు లోపలికి పోవడం లేదు, పాలు తాగుతున్నాడు. కానీ రెండు రోజుల మందుకు ఊపిరి దిగాలి. దిగలేదు. రెండేళ్ల కింద ఇదే గూడెంలో ఇట్లాగే రొప్పిన ఒక పాప భద్రాచలం దారిలోనే చనిపోయింది. ఆ పాప అప్పుడు జంపక్క ఒళ్లోనే ఉంది.

"మందు పోస్తున్నవా వనజా?"

"పోస్తున్న అక్కా. ఒక్క పూట తప్పలే."

"కక్కుతుండా?"

"ఏడ కక్కుతడు. తియ్యగుందని మూత నాకుతడు."

జంపక్క సీసాను వెలుతురుకు పట్టి చూసింది. రెండు రోజులకు ఎంత తగ్గాలో అంతే తగ్గింది. నాకు తెలిసిన కారణం నేను చెప్పాను. "మందే నకిలీదై ఉంటది. అడివి జనానికి గట్లాంటివే పంపుతరు."

"నువ్వు చదివిందల్లా ఈడనే కనబడాల్నా?" అంది ఆమె. "కాసేపు కూసో."

పనిచేయని మందును మార్చమని డాక్టరమ్మకు చెప్పడం తేలికే. ఇంకా పెద్ద మందు రాస్తుంది. కానీ ఈ మందు ఎందుకు పనిచేయలేదో ముందు తెలియాలి. జంపక్క అరుగు మీద కాళ్లు చాపి కూర్చుంది.

"సాయంత్రం మందు నా ముందర పొయ్యుండ్రి. చూసి పోత."

వనజ సీసా ఊపింది. మూత నిండా పోసి మామ పగిడయ్య చేతికిచ్చింది. పగిడయ్య ఆ ఇంటి పెద్ద. మందును స్టీలు గిన్నెలో వంచి, "రాండ్రి" అని పిలిచాడు. తిరుపతి అక్క, అన్న పరుగున వచ్చి వాడి పక్కన కూర్చున్నారు. ముసలాయన చెంచాతో ముగ్గురికీ సమంగా పోయబోయాడు. జంపక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

"గిదేంది మామా?"

"ఏంది అంటే? వాటా." ఆయన గొంతులో తప్పు చేసిన జాడ లేదు. "పిల్లలు చూస్తుండంగ ఒక్కని నోట్లెనే పోస్తమా? ఏట మాంసమైనా, ఇప్పపువ్వైనా ఈ ఇంట్ల ఎవలి వాటా వాళ్లకు పడాల్సిందే."

తిరుపతికి రోజూ అందింది మూడో వంతు. పెద్దపిల్లకు నిన్నటి నుంచి విరేచనాలని వనజ అప్పుడు చెప్పింది. మందుతో సంబంధం ఉంటుందని ఆమెకెందుకు తోస్తుంది? మా గూడేల్లో పంచుకోకుండా తినేవాడిని మనిషిగా చూడరు. ఆ బుద్ధి వదులుకోమని చెప్పే ధైర్యం నాకైతే లేదు. జంపక్క కూడా చెప్పలేదు.

"మామా, ఒక చేనుకు సరిపోయే విత్తనం మూడు చేన్లకు చల్లితే ఏం పండుద్ది?"

పగిడయ్య చెంచా గిన్నెలో పెట్టేశాడు. "కలుపు పండుద్ది."

"వీని ఛాతిల గదే పండుతుంది. సగం సచ్చిన పురుగు మొండిదైతది. రేపు ఈ మందుకు లొంగదు. ఇగ మంచిగున్న పిల్లలకు ఈ మందు కడుపు నొప్పే."

మూతెడు మందూ తన ముందే తిరుపతికి తాగించి, వాణ్ని వనజ ఒళ్లో పెట్టి నా బండెక్కించి, తనూ వెనక కూర్చుంది. దవాఖానాలో డాక్టరమ్మ జంపక్క మాట పూర్తిగా విని, ఛాతీ మళ్లీ చూసి, మందు మార్చలేదు. ఆ సాయంత్రం నుంచి మళ్లీ ఐదు రోజులు లెక్క పెట్టమని ఇంకో సీసా ఇచ్చింది. పెద్దపిల్లకు ఓఆర్ఎస్ ఇచ్చి, విరేచనాలు తగ్గకపోతే తీసుకురమ్మంది. తిరుపతి పాలు మానినా, డొక్కలు ఎగరేసినా మర్నాటి దాకా చూడొద్దని వనజకు రెండుసార్లు చెప్పింది.

మర్నాడు పొద్దున జంపక్క బెల్లం ముక్క పట్టుకొని మళ్లీ వచ్చింది. మందు వేళకు పెద్దపిల్లలిద్దరికీ వేరే గ్లాసులో బెల్లం నీళ్లు పోయమంది. మందు మూత వాళ్ల చేతికి పోనివ్వొద్దంది. పగిడయ్య బెల్లం నీళ్లు తాగి చూసి, "పిల్లలను మోసం జేస్తున్నవు కోడలా" అన్నాడు.

"మోసమేంది? వాటానే. ఎవలికి కావాల్సింది వాళ్లకు."

శుక్రవారం సాయంత్రం మేము వెళ్లేసరికి తిరుపతి వాళ్లక్క గ్లాసు పట్టుకొని వేలాడుతున్నాడు. తన మందు తాగేసి, వాళ్ల బెల్లం నీళ్లు కూడా కావాలని గోల.

"వాటా అడుగుతుండు. ఇగ మంచిగయిండు," అన్నాడు పగిడయ్య. "మిగిలిన మందు పైన పెడుదమా, మల్లెప్పుడన్న పనికొస్తది?"

జంపక్క పిల్లవాణ్ని పట్టుకొని చొక్కా ఎత్తింది. వాడు గింజుకుంటుంటే వనజ పాలిచ్చి ఊరుకోబెట్టింది. జంపక్క ఫోన్‌లో నిమిషం పూర్తయ్యేదాకా లెక్కపెట్టింది.

"ముప్పై ఆరు," అంది జంపక్క. "సోమవారం పొద్దుటి దాక పొయ్యాలె మామా. గప్పటికీ అడుగున మిగిలితే నాకియ్యి. పైన పెట్టకు."