ఇంట్లో జారిపడ్డానని చెప్పిన రోజు

క్యాజువాలిటీలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, దెబ్బ ఎలా తగిలిందని. మా ఆవిడ అరుణ ఎడమ చెవి పైన చేతిరుమాలు అదిమిపట్టుకుని, ఇంట్లో మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అది నిజం కాదని నాకు తెలుసు. అయినా నోరు తెరవలేదు. ఆయన చీటీ మీద అలాగే రాసుకుని, నాలుగు కుట్లు వేసి పంపించాడు.

నేను ఇరవై ఏడేళ్లు ఒక దినపత్రికలో పనిచేశాను. ప్రమాదం వార్తలో ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నవి లేకపోతే అది వార్త కాదని కొత్తవాళ్లకు చెబుతూ వచ్చినవాణ్ణి. ఆ సాయంత్రం ఆ మూడింటినీ నేనే వదిలేశాను.

అరుణ వ్యవసాయ విస్తరణాధికారి. ఆ ఏడాది మిరపకు నల్ల తామర పురుగు తగిలితే, నష్టం అంచనాకు ఆఫీసు వాళ్లంతా దర్శి అవతలి ఊళ్లు తిరుగుతున్నారు. ఆఫీసు అద్దెకు పెట్టుకున్న జీపు పొద్దున్నే ఇంటికే వచ్చేది. ఆమె ఆఫీసుకు వెళ్లకుండా నేరుగా చేలకు వెళ్లేది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ముందు పత్తి లోడుతో ఒక ట్రాక్టర్ పోతోంది. దాని వెనక తగిలించిన ట్రక్కు అంచులు దాటి పత్తి ఇటూ అటూ వేలాడుతోంది. వెనక లైటు లేదు. మసక చీకటిలో దగ్గరకు వచ్చాక గానీ కనపడలేదు. డ్రైవర్ కోటయ్య స్టీరింగ్ ఎడమకు కోశాడు. అంతకు ముందురోజు వానకు రోడ్డు పక్క నల్లరేగడి జిగటగా ఉంది. జీపు జారి కాలవలోకి ఎడమ పక్కకు ఒరిగింది. ముందు సీట్లో ఎడమవైపు కూర్చున్నది అరుణే.

కోటయ్యకు ఏమీ కాలేదు. ట్రాక్టర్ ఆగలేదు. అటుగా వచ్చిన ఆటోలో ఆమెను ఎక్కించి, తనూ ఎక్కి, నాకు ఫోన్ చేశాడు. నేను ఆస్పత్రి దగ్గరికి వెళ్లేసరికి గేటు బయటే ఆటోలో అరుణ కూర్చుని ఉంది, పక్కన అతను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రోడ్డు ప్రమాదమని చెబితే ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాస్తారు, పోలీస్ స్టేషన్‌కు కబురు వెళుతుంది. ఆ సంగతి అతనికి మా ఇద్దరికంటే బాగా తెలుసు.

"మేడం గారండీ, కేసు రాస్తే ఓనరు రేపే నన్ను దింపేస్తాడండి. లైసెన్సు కూడా పోద్ది."

"ఊరుకో కోటయ్యా, ఈ మాత్రం దానికి కేసేంటి?" అంది అరుణ. నావైపు తిరిగి, "మీరేం మాట్లాడకండి," అంది.



కుట్లు వేసిన డాక్టర్ వాంతులైనా, తలనొప్పి పెరిగినా వెంటనే రమ్మన్నాడు. అరుణ మూడో రోజే డ్యూటీకి వెళ్లింది. ప్రమాదం గురించి ఆఫీసులో అందరికీ తెలుసు. రెండు రోజులు దాని మీద జోకులు కూడా వేసుకున్నారట, మేడం కాలవ గట్టు కొలవడానికి దిగారని. కాగితం మీద మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. వాళ్ల ఆఫీసులో టూర్ డైరీ ఏ రోజుది ఆ రోజు రాసే అలవాటు లేదు. నెలాఖరున అందరూ ఒకచోట కూర్చుని, ఏ తేదీన ఏ ఊరు వెళ్లామో ఒకరినొకరు అడిగి గుర్తుచేసుకుంటూ నెల మొత్తం రాసేస్తారు. అరుణకు ఎప్పుడూ ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. రైతు పేరు, పొలం గట్టు, పంట రకంతో సహా ఆమెకే గుర్తుండేది. మిగతావాళ్లు ఆమెను చూసి రాసుకునేవాళ్లు.

పది రోజుల తరువాత తలనొప్పి మొదలైంది. ఎండలో తిరుగుడు వల్ల అనుకున్నాం. అమృతాంజనం రాసుకుని, గుడ్డ కట్టుకుని పడుకునేది. వాంతులు లేవు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఇరవై నాలుగో రోజు ఉదయం ఒక రైతు ఫోన్ చేశాడు. ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి, ఏం కొట్టమంటారని అడుగుతున్నాడు. ఆయన గొంతు వంటింట్లోకి నాకు వినిపిస్తోంది. అరుణ దగ్గర నుంచి జవాబు లేదు. వెళ్లి చూస్తే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పెదవులు కదుపుతోంది. మాట రావడం లేదు. కుడి చేతిలోని పెన్ను కింద పడింది. దాన్ని తీసుకోవాలని మూడుసార్లు వంగింది. వేళ్లు మూసుకోలేదు.

అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని గుంటూరు వెళ్లాం. సీటీ స్కాన్ చూసి న్యూరోసర్జన్ నన్ను లోపలికి పిలిచాడు. క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అన్నాడు. మెదడు మీద పొరల మధ్య రక్తం మెల్లగా చేరి నిలిచిపోయిందని, అది మెదడును పక్కకు నెడుతోందని వివరించాడు.

"ఇది కొత్త బ్లడ్ కాదండి. మూడు వారాల కిందటి దెబ్బ. ఎలా తగిలింది?"

ఈసారి నిజం చెప్పాను. ఆయన పాత చీటీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇందులో ఇంట్లో జారిపడ్డట్టు ఉందే?"

అలా ఎందుకు చెప్పామో వివరించాను. ఆయన విసుక్కోలేదు. "నేను చూడనిది చూసినట్టు రాయలేనండి. జీపు ప్రమాదమని భర్త చెప్పారు అని రాస్తాను," అన్నాడు.

ఆ రోజే బర్ హోల్ సర్జరీ చేశారు. పుర్రెకు రెండు రంధ్రాలు పెట్టి, డ్రెయిన్ గొట్టం వేసి రక్తం తీసేశారు. రెండో రోజు చెయ్యి కదిలింది. నన్ను "ఏవండీ" అని పిలిచింది. అంతటితో గట్టెక్కామనుకున్నాను. ఇంటికి వచ్చిన పదకొండో రోజు ఫిట్స్ వచ్చాయి. మళ్లీ స్కాన్, మళ్లీ బ్లీడింగ్, మళ్లీ ఆపరేషన్. ఈసారి తేరుకోవడానికి నెలలు పట్టింది. నడక వచ్చింది, చెయ్యి ముప్పాతిక వచ్చింది. మాట మాత్రం పూర్తిగా రాలేదు. స్పీచ్ థెరపిస్ట్ బొమ్మలు చూపిస్తే గొడుగును గొడుగు అనడానికి నిమిషం పట్టేది. మిరపకాయ బొమ్మ చూపించినప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పేరు రాలేదు.

డ్యూటీలో తగిలిన దెబ్బ అయితే ఆ నెలలకు ప్రత్యేక సెలవు ఇస్తారు. అందుకోసం దరఖాస్తు పెట్టాం. ఆఫీసు వాళ్లు ఎంఎల్‌సీ కాపీ, ఆ నెల టూర్ డైరీ అడిగారు. మొదటిది లేదు. రెండోది నెలాఖరున రాయాల్సింది. ఆ నెలాఖరున అరుణ ఐసీయూలో ఉంది. మిగతా అందరి డైరీలూ ఉన్నాయి, ఆమెది ఖాళీ. వచ్చాక రాయమని కాగితం ముందు పెడితే, ఆ రోజు ఏ ఊరు వెళ్లిందో ఆమెకే గుర్తు రాలేదు.

పై అధికారి మంచివాడే. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "మేడం డ్యూటీలో ఉన్నారని నాకు తెలుసండి. నాకు తెలిసింది ఫైల్లో పెట్టలేను కదా. కాగితం కావాలి," అన్నాడు.

మిగిలిన సాక్షి కోటయ్య ఒక్కడే. అతను అప్పటికి ఆ జీపు మానేసి, పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం లారీ తోలుతున్నాడు. అతన్ని అడుగుతానంటే అరుణ తల అడ్డంగా ఊపింది. "కో... టయ్య. వద్దు," అంది. ఆ రెండు మాటలకు ఎంత కష్టపడిందో చూశాక నేను ఆగిపోయాను. ఆ రోజు ఆమె ఏ మనిషి కోసం అబద్ధమాడిందో, ఇప్పుడు ఆ మనిషినే ఇరికించడం ఆమెకు ఇష్టం లేదు.

కబురు ఎలా తెలిసిందో, ఒక ఆదివారం కోటయ్యే ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, మేడం గారూ ఎలా ఉన్నారండీ అని అడిగాడు. ఆమె జవాబు చెప్పబోయింది. బాగున్నాను అన్న మాట కోసం చాలాసేపు వెతుక్కుంది. అతను కుర్చీలోంచి లేచాడు. బయటికి వచ్చి, చెప్పులు వేసుకోకుండానే నాతో అన్నాడు:

"కాగితం తీసుకురండి సార్. ఉన్నదున్నట్టు రాసిస్తా. అవుతే అవనివ్వండి కేసు."

రాసి సంతకం చేశాడు. ఆ సంగతి అరుణకు వారం తరువాత చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అది జబ్బు వల్ల కాదు.

ఇప్పుడు ఆమె ఆఫీసుకు వెళుతోంది. ఫిట్స్ మాత్ర రెండు పూటలా వేసుకోవాలి. చేలకు వెళ్లడానికి డాక్టర్ ఒప్పుకోలేదు, వచ్చే టపా చూసే సీటు ఇచ్చారు. రైతుల ఫోన్లు ఇంకా ఆమెకే వస్తాయి. మందు పేరు కాగితం మీద రాసి పక్కనున్న వాళ్లకు ఇస్తుంది, వాళ్లు చదివి చెబుతారు. మాట ఇంకా మెరుగవుతుందా అని చివరిసారి అడిగితే, "రావలసినంత వచ్చిందండి," అన్నాడు డాక్టర్.

ఆఫీసు బండిలో వెళుతూ దెబ్బ తగిలినవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. అది గీరుకుపోయినంత చిన్నదైనా, ఎవరి మీద ఎంత జాలి ఉన్నా, మొదట చూసిన డాక్టర్‌కు ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పి ఊరుకోకండి, ఆయన ఏం రాశాడో అక్కడే చదువుకుని బయటికి రండి.

కోటయ్య మీద ఇప్పటివరకు కేసేమీ పెట్టలేదు. అతను రాసిచ్చిన కాగితం, మొదటి రోజు మేము చెప్పి రాయించిన ఆస్పత్రి చీటీ ఒకే ఫైల్లో ఉన్నాయి. రెండింటిలో దేన్ని నమ్మాలో చెప్పమని ఆ ఫైలు పై ఆఫీసుకు వెళ్లింది. జవాబు రాలేదు.