పైగుడ్డ కింద మూడో గ్రూపు

నాకూ లెక్కలకూ వైరం పుట్టుకతో వచ్చింది కాదు, నాలుగో ఫారంలో, అంటే తొమ్మిదో తరగతిలో, వచ్చింది. అంతవరకూ ఒకరి జోలికి ఒకరం పోకుండా మర్యాదగానే బతికాం. ఆల్జీబ్రా వచ్చాక మా లెక్కల అయ్యవారు నా నోటుపుస్తకంలో ఒలకబోసిన ఎర్రసిరాతో ఆదోని కోట గోడలకు రెండు పూతలు పూసి, మిగిలింది ఎమ్మిగనూరు సాలెవాళ్ళకు అద్దకానికి పంపి ఉండవచ్చు.

ఆ రోజుల్లో నాలుగో ఫారంలోనే పిల్లలు రెండు దారులుగా చీలేవాళ్ళు. ఆల్జీబ్రా, జామెట్రీ కలిసినవి పెద్ద లెక్కలు. అవి మోయలేని వాళ్ళకు చిన్న లెక్కలు. చిన్న లెక్కలు చదివినవాడికి కాలేజీలో లెక్కల గ్రూపు తలుపు తెరుచుకోదు. నేను సంతోషంగా చిన్న లెక్కలు పుచ్చుకున్నాను. దానికి తండ్రి సంతకం కావాలి. మా నాయన ఆదోనిలో పత్తి మండీ నడిపే దలాలి. మార్కెట్టుకు పత్తి బండ్లు పోటెత్తే రోజు చూసి కాగితం తీసుకుపోయాను. ఆయన కనుబొమల మీద ఒక దిండుకు సరిపడా దూది ఉంది. నన్ను వెనక్కు తిప్పి, నా వీపునే బల్ల చేసుకుని సంతకం గీకి పంపేశాడు. చదవకుండా ఆయన సంతకం పెట్టిన కాగితం జీవితంలో అదొక్కటే.

రెండేళ్ళకు ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కాను. తుంగభద్ర డ్యాం కట్టడం పూర్తయిన కొత్త. కాలువ పనుల మీద ఒక ఇంజనీరు జీపులో మా వీధికి వచ్చాడు. ఆయన దిగగానే మనుషులు సరే, పడుకున్న ఎద్దులు కూడా లేచి నిలబడ్డాయని మా నాయన ఊరంతా చెప్పాడు. ఆ సాయంత్రానికే నా భవిష్యత్తు ఖాయమైంది.

"ఫస్టు గ్రూపైతే కాలేజీ. కాదంటే రేపట్నుంచి మండీలో కూకో," అన్నాడు మా నాయన.

అనంతపురం కాలేజీ దరఖాస్తులో మూడు గ్రూపులున్నాయి. మొదటిది లెక్కలు. రెండోదానిలో కప్పలను కోయాలి. కప్పను కోసిన చేత్తో తన వంటింటి గడప తొక్కితే తను ఎమ్మిగనూరుకు, పుట్టింటికి పోతానని మా అమ్మ ముందే చెప్పేసింది. మూడోది చరిత్ర, అర్థశాస్త్రం, తర్కం. నాకు మిగిలింది అదే. కానీ మూడోది కావాలంటే చిన్న లెక్కల సంగతి బయటపెట్టాలి. బయటపెడితే మండీలో దూది దులుపుకుంటూ ముసలివాణ్ణి కావాలి. దరఖాస్తుకు నాలుగు రోజులే గడువు.

నేను ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడ మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, బట్టల అంగడి ఉంది. నా గోడు వింటూనే ఆయన ఒక పెళ్ళివారికి ఎనిమిది చీరలు చూపించాడు, రెండు అమ్మాడు, ఆరు మడత పెట్టాడు. అప్పుడు నోరు విప్పాడు.

"మీ నాయనకు నోటితో సెప్తే యాడ ఇంటాడు? ముప్పై ఏండ్లుగా ఆయప్ప ఏదిన్నా చేతితోనే ఇన్నాడు."

పత్తి బేరం మా వైపు నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన పైగుడ్డ కప్పుతారు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా. గుడ్డ తీసేశాక మాట మార్చడం ఉండదు. మార్చినవాడికి ఆదోని మార్కెట్టులో సోడా కూడా ఎవరూ కొట్టి ఇవ్వరు. మామ ఆ మధ్యాహ్నం చీరల గుట్ట చాటున నాకు ఆ విద్య నేర్పించాడు. ఒక్క మాటే పదిసార్లు చెప్పాడు: పట్టిన వేళ్ళు వదలొద్దు, చివర్లో చెయ్యి లాక్కుంటున్నట్టు నటించు.

మరునాడు ఇద్దరం ఆదోని మార్కెట్టుకు పోయాం. మా నాయన పదిమంది దలాలుల మధ్య, ఆకాశాన్ని ఆనుకున్న పత్తి కుప్ప ముందు నిలబడి ఉన్నాడు.

"బావా, నీ కొడుకు గ్రూపు బేరం తెచ్చినాడు. పైగుడ్డ వెయ్యి," అన్నాడు మామ.

పదిమంది ముందు బేరానికి రమ్మంటే రానన్నవాడు దలాలి కాదు. మా నాయన భుజం మీది గుడ్డ తీసి మా చేతుల మీద కప్పాడు. నా వేలొకటి పట్టుకున్నాడు. నేను ఆయనవి మూడు పట్టుకున్నాను. ఆయన ముఖం రాయిలా ఉంది. మళ్ళీ ఒకటి. మళ్ళీ మూడు. ఆయన గుడ్డతో సహా నా చెయ్యి వదిలేసి నాలుగడుగులు నడిచాడు. అది కొనేవాళ్ళ ఎత్తు. ఎవరూ పిలవకపోయేసరికి వెనక్కు వచ్చాడు. ఈసారి రెండు పట్టుకున్నాడు. నేను మూడు దగ్గరే ఉన్నాను. నా అరచేతిలో ఊరిన చెమటను కాలువలోకి తిప్పితే ఒక కారు వరి పండేది.

అప్పుడు ఆయన రెండు వేళ్ళు పట్టుకుని, మూడోదాన్ని సగానికి నొక్కాడు. రెండున్నర.

రెండున్నరో గ్రూపు ఏ కాలేజీలోనూ లేదు. మా నాయన గ్రూపును మరిచిపోయి బేరంలో పడ్డాడని నాకు అర్థమైంది. మామ చెప్పినట్టు చెయ్యి లాక్కోబోయాను. చేతికందిన బేరాన్ని ఆయన పుట్టాక వదిలి ఎరగడు. మూడు వేళ్ళూ బిగించి పట్టేశాడు. మామ గుడ్డ లాగేసి, "బేరం తెగింది," అన్నాడు.

మా నాయన తన చేతివంక పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు. దలాలులంతా చూస్తున్నారు. గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"ధరలో పైకి పోయినా కదప్పా," అన్నాడు మామతో.

"పోయినావు బావా. నువ్వు ఒకటి అడిగితివి, వాడు మూడు ఇచ్చినాడు. నీకేమి నష్టం?"

ఆ సాయంత్రం సంతకానికి దరఖాస్తు ఇచ్చాను. దానికి ఎస్.ఎస్.ఎల్.సి. మార్కుల పుస్తకం జత చేయాలి. చిన్న లెక్కల సంగతి అందులో రాసే ఉంది. మా నాయన అక్కడ వేలు పెట్టి నా వంక చూశాడు.

"అయితే ఒకటో గ్రూపు నీకాడ అమ్మేదానికే లేదా?"

"లేదు నాయినా."

"లేని సరుకుకు నాతో బేరమాడించినావు," అన్నాడు. కోపం లేదు. ఎదుటి దలాలి సరుకు తూకం వేస్తున్నప్పటి చూపు అది. "మండీలో కూకోనుంటే బాగుపడేవాడివి."

పోయినసారి లాగే నేను వెనక్కు తిరిగి వీపు వంచాను. ఆయన నన్ను పక్కకు జరిపి, కాగితాన్ని గూట్లో దీపం దగ్గర పెట్టుకుని, అచ్చేసినవాడి అడ్రసుతో సహా చదివి, అప్పుడు సంతకం పెట్టాడు.